కరవది నుంచి శ్రీరంగం దాకా: షేక్ చిన మౌలానా సాహెబ్ నాదస్వర జీవితం

సన్నాయి అనగానే మన ఇళ్లల్లో ఎవరినడిగినా ఒకే పేరు చెప్తారు. ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్. బనారస్, గంగ ఒడ్డు, 2001లో వచ్చిన భారతరత్న, ఇవన్నీ మన పిల్లలకు కూడా తెలుసు. మంచిదే, తెలియాలి కూడా. కానీ మన తెలుగు నేల మీదే, ఒంగోలు పక్కన ఒక పల్లెలో పుట్టి, దక్షిణ భారతంలో నాదస్వరానికి పెద్ద దిక్కుగా నిలిచిన ఇంకో ముస్లిం విద్వాంసుడు ఉన్నారు. ఆయన పేరు షేక్ చిన మౌలానా సాహెబ్. తమిళనాడులో ఆ పేరు చెప్తే సంగీతం తెలిసినవాళ్లు లేచి నిలబడతారు. మన దగ్గర మాత్రం చాలామందికి ఆ పేరే తెలియదు. ఆయన మన భాష మాట్లాడే మనిషి అనీ, మన బిరాదరీ మనిషి అనీ తెలిసినవాళ్లు ఇంకా తక్కువ.

మా ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వర స్వామి గుడి ఉంది. ఇటు జహీరాబాద్, అటు బీదర్. తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ ఒకే సంతలో వినపడే ఊళ్లు మావి. ఒక ముస్లిం ఇంట్లో పుట్టిన మనిషి గుడి ముందు రాగం ఎత్తుకున్నాడంటే మా వైపు వాళ్లకు పెద్ద వివరణ అక్కర్లేదు. అయినా ఆయన జీవితం మొత్తం ఒకచోట చెప్పుకోవడం అవసరం. ఎందుకంటే ఇది ఒక్క మనిషి గొప్పతనం కథ మాత్రమే కాదు. తండ్రి నుంచి కొడుక్కి, తాత నుంచి మనవడికి ఒక విద్య ఎలా చేరుతుంది, ఎక్కడ తెగిపోయే ప్రమాదం ఉంటుంది అనేది కూడా ఇందులో ఉంది.

కరవదిలో పుట్టుక

షేక్ చిన మౌలానా 1924 మే 12న కరవదిలో పుట్టారు. మద్రాసు - విజయవాడ రైలు మార్గంలో ఒంగోలు దాటగానే వచ్చే చిన్న స్టేషన్ ఉన్న ఊరు అది. ఇవాళ ప్రకాశం జిల్లా అంటున్నాం గానీ, అప్పటికి ఆ పేరుతో జిల్లానే లేదు. ఒంగోలు ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఒంగోలు వాళ్లకు రాజధాని మద్రాసే. ఉద్యోగానికైనా, చదువుకైనా, కచేరీకైనా చూపు అటే ఉండేది. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే ఆయన తర్వాత వేసిన అడుగు ఎందుకు దక్షిణం వైపు పడిందో అర్థమవుతుంది.

వాళ్లది నాదస్వరం ఇల్లు. ఆ వంశంలో ఈ వాద్యం సుమారు మూడు వందల ఏళ్ల నుంచి ఉందని చెప్తారు. తండ్రి కాసిం సాహెబ్ నాదస్వర విద్వాంసుడు. మొదటి పాఠం ఇంట్లోనే, తండ్రి దగ్గరే.

ఇక్కడ తెలంగాణ వైపు వాళ్లకు ఒక మాట చెప్పాలి. గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో సన్నాయి, నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. వీళ్లలో దూదేకుల, అంటే నూర్ బాషా కుటుంబాలు ఎక్కువ. చాలా ఇళ్లల్లో మాట్లాడేది తెలుగే. ఊళ్లో పెళ్లి అయినా, గుడిలో ఉత్సవం అయినా, దేవుడి ఊరేగింపు అయినా సన్నాయి సాహెబు రావాల్సిందే. ఆయన రాకుండా మంగళసూత్రం కట్టే ముహూర్తం గడవదు. ఇది ఎవరో మత సామరస్యం మీద ఉపన్యాసం చెప్పి తెచ్చిన పద్ధతి కాదు. ఊరికి వాద్యం కావాలి, ఆ వాద్యం వచ్చినవాళ్లు ఈ ఇళ్లల్లో ఉన్నారు. అంతే.

పీక, కర్ర, ఊపిరి

నాదస్వరం చూడ్డానికి సులువుగా కనిపిస్తుంది. పొడుగాటి కర్ర గొట్టం, కింద గంటలాంటి మూత, పైన చిన్న పీక. ఏడు రంధ్రాల మీద వేళ్లు ఆడతాయి. ఆ కింద ఉన్న మిగతా రంధ్రాలను మైనంతో కొంచెం మూసి, కొంచెం తెరిచి శ్రుతి సరిచేసుకుంటారు. హార్మోనియంలో మెట్టు నొక్కితే స్వరం దానంతటదే వస్తుంది. ఇందులో అలా రాదు. ఒకే రంధ్రం మీద వేలు ఎంత ఆనింది, పెదవి పీకను ఎంత బిగించింది, ఊపిరి ఎంత గట్టిగా పోయింది అనేదాన్ని బట్టి స్వరం మారిపోతుంది. గమకం పలకాలంటే ఈ మూడూ కలిసి పనిచెయ్యాలి.

పీకను ఒక రకం రెల్లుతో చేస్తారు. అది ఎక్కువ కాలం నిలవదు. అందుకే విద్వాంసుల వాద్యానికి పీకల గుత్తి ఒకటి వేలాడుతూ ఉంటుంది, వాటిని శుభ్రం చేసుకునే సూది కూడా పక్కనే ఉంటుంది. పైగా ఇది ఆరుబయట వాయించే వాద్యం. పక్కన డోలు మోగుతుంటుంది. మైకులు లేని రోజుల్లో వీధి చివరి ఇంటికి కూడా వినపడాలి. అంత ఊపిరి పడుతూ, అందులోనే మెత్తదనం చూపించాలి. చిన్నప్పటి నుంచి రియాజ్ లేకపోతే ఈ విద్య పట్టుబడదు.

తండ్రి దగ్గర మొదలైన చదువు తర్వాత చిలకలూరిపేటకు మారింది. అక్కడ షేక్ ఆదం సాహెబ్ పేరున్న విద్వాంసుడు. ఆయన దగ్గర చిన మౌలానా శిష్యరికం చేశారు. చిలకలూరిపేట ఆ రోజుల్లో నాదస్వరానికి గట్టి పట్టున్న చోటు. ఆంధ్ర దేశంలో పేరు తెచ్చుకోవడానికి ఆ చదువు చాలు. ఇల్లు, భూమి, పెళ్లి కచేరీలు చూసుకుంటూ కరవదిలోనే స్థిరపడినా ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు.

తంజావూరు బాణీ మీద మనసు

కానీ ఆయన అక్కడితో ఆగలేదు. కారణం తిరువావడుదురై రాజరత్నం పిళ్లై. 1898లో పుట్టి 1956లో పోయిన ఈ మనిషి నాదస్వరానికి ఒక చక్రవర్తిలాంటి వాడు. తోడి రాగం అంటే ఆయనదే అనేవాళ్లు. అప్పటిదాకా నాదస్వరం వాళ్లు నిలబడి, ఊరేగింపు ముందు నడుస్తూ వాయించడమే రివాజు. పాట కచేరీ చేసేవాళ్లకు దొరికే మర్యాద వీళ్లకు దొరికేది కాదు. రాజరత్నం పిళ్లై వేదిక ఎక్కి కూర్చుని వాయించారు, మిగతా విద్వాంసులతో సమానంగా మర్యాద పట్టుబట్టి తీసుకున్నారు. పొడుగాటి బారి నాదస్వరాన్ని జనంలోకి తెచ్చింది కూడా ఆయనే. చిన మౌలానా ఆయన్ని మానసిక గురువుగా పెట్టుకున్నారు.

తంజావూరు బాణీ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కావేరి ఒడ్డున ఉన్న గుడులలో తరతరాలుగా పెరిగిన పద్ధతి అది. అందులో రాగాలాపనకు పెద్దపీట. తొందర లేకుండా, ఒక్కో స్వరం మీద నిలబడి, రాగాన్ని గంటల తరబడి విప్పుకుంటూ పోతారు. ఉత్సవంలో దేవుడు ఒక వీధి నుంచి ఇంకో వీధికి మళ్లేలోపు ఒక్క రాగమే సాగుతూ ఉంటుంది. ఏ వేళకు ఏ రాగం, ఏ సేవకు ఏ రచన అనే లెక్క ఉంటుంది. పెళ్లి పందిట్లో పది నిమిషాలకో పాట మార్చే పద్ధతికి ఇది పూర్తిగా వేరు.

ఈ బాణీ నేర్చుకోవడానికి చిన మౌలానా తంజావూరు జిల్లాకు వెళ్లారు. కుంభకోణం దగ్గర నాచ్చియార్‌కోయిల్ అనే ఊరుంది. ఇత్తడి దీపాలకు కూడా పేరున్న ఊరు. అక్కడి రాజం, దురైకన్ను పిళ్లై సోదరుల దగ్గర శిష్యుడిగా చేరారు. అప్పటికే వాయించడం వచ్చిన మనిషి, మళ్లీ మొదటి నుంచి కూర్చుని ఇంకో పద్ధతి నేర్చుకోవడం అంటే మాటలు కాదు. వేళ్లకు పడిన అలవాటు మార్చుకోవాలి. ఊపిరి పట్టే తీరు మార్చుకోవాలి. భాష వేరు, తిండి వేరు. పైగా ఆ ప్రాంతంలో నాదస్వరం ప్రధానంగా ఇసై వేళాళర్ కులస్తుల కుటుంబాల చేతిలో ఉన్న విద్య. బయటి మనిషికి, అందులోనూ తెలుగు నుంచి వచ్చిన ముస్లింకు చోటు దొరకడం చిన్న విషయం కాదు. గురువులు నేర్పారు, శిష్యుడు నేర్చుకున్నాడు. ఇద్దరికీ దక్కాల్సిన గౌరవం ఇది.

ఇందులో ఇంకో సంగతి ఉంది. అక్కడ ఆయన వాయించాల్సిన కృతుల్లో చాలా భాగం తెలుగువే. కాకర్ల త్యాగరాజు తిరువయ్యారులో కూర్చుని రాసింది తెలుగులో. నాదస్వరంలో మాటలు పలకవు నిజమే, కానీ వాయించేవాడికి సాహిత్యం తెలియాలి. మాట ఎక్కడ విరుగుతుందో తెలిస్తేనే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలుస్తుంది. అర్థం మధ్యలో ఊపిరి తీస్తే కృతి చెడుతుంది. తెలుగు తెలిసిన మనిషికి ఇది పుట్టుకతో వచ్చిన ఆస్తి. అంటే ఆయన తమిళ దేశానికి వెళ్లి, అక్కడి పద్ధతిలో, మన భాషలోని కృతులను వాయించారు.

1964, శ్రీరంగం

1964లో చిన మౌలానా శ్రీరంగంలో స్థిరపడ్డారు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు. ఒంగోలు నుంచి శ్రీరంగం సుమారు ఆరు వందల కిలోమీటర్లు. ఆ వయసులో ఉన్న ఊరు, తెలిసిన జనం, చేతిలో ఉన్న పెళ్లి కచేరీలు వదిలి ఇల్లు మార్చడం ఎంత పెద్ద నిర్ణయమో సంసారం ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

నేను కామర్స్ చదువుకున్నవాణ్ని కాబట్టి ఈ లెక్క ఒకసారి వేసి చూద్దాం. నాదస్వరం వాళ్ల ఆదాయం ఏడాది పొడుగునా ఒకేలా రాదు. ముహూర్తాలు ఉన్న నెలల్లో రోజుకో ఊరు తిరగాలి. ఆషాఢం, మూఢం, శూన్యమాసం వస్తే చేతిలో పని ఉండదు. వచ్చిన డబ్బు ఒక్కరిది కాదు. పక్కన ఇంకో నాదస్వరం, డోలు వాళ్లు, శ్రుతి పట్టేవాళ్లు, తాళం వేసేవాళ్లు, అందరికీ పంచాలి. ప్రయాణం ఖర్చు, పీకల ఖర్చు వేరే. పింఛను లేదు, జీతం లేదు. ఊపిరి ఆడినంత కాలమే సంపాదన. పన్ను ఊడినా, పెదవి పగిలినా కచేరీ ఆగిపోతుంది. ఇలాంటి వృత్తిలో ఉన్న మనిషి, తెలిసిన మార్కెట్ వదిలి తెలియని చోటికి వెళ్లాడంటే అది డబ్బు కోసం వేసిన అడుగు కాదని లెక్క చూస్తేనే అర్థమవుద్ది. నేర్చుకున్న బాణీ ఎక్కడ పుట్టిందో అక్కడే ఉండి వాయించాలన్నది ఆ అడుగులో కనిపిస్తుంది.

శ్రీరంగం కావేరి, కొల్లిడం నదుల మధ్య ఉన్న లంక. ఏడు ప్రాకారాల రంగనాథ స్వామి గుడి చుట్టూ ఊరు పెరిగింది. వైకుంఠ ఏకాదశి ఉత్సవాలే ఇరవై ఒక్క రోజులు సాగుతాయి. అంత సంప్రదాయం ఉన్న చోట షేక్ చిన మౌలానా సాహెబ్ ఇల్లు కట్టుకుని, మిగిలిన జీవితమంతా అక్కడే గడిపారు. అదే గుడిలో తులుక్క నాచ్చియార్ అనే ముస్లిం రాజకుమారి కథ కూడా ఉంది. స్వామి మీద ప్రేమతో ఢిల్లీ నుంచి వచ్చిందని చెప్పుకునే ఆమెకు అక్కడ సన్నిధి ఉంది, ఉత్తరాది పద్ధతిలో రొట్టె నైవేద్యం పెడతారు. కథ చరిత్రా కాదా అనేది వేరే మాట. ఆ ఊరికి ముస్లిం పేరు కొత్త కాదన్నది మాత్రం దీన్ని బట్టి తెలుస్తుంది.

దీన్ విషయం

ఇక మన ఇళ్లల్లో ఈ కథ చెప్పుకుంటే ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఉంది. ముస్లిం అయ్యుండి గుడి ముందు వాయించొచ్చా అని. దాటేసి పోవడం న్యాయం కాదు.

సంగీతం విషయంలో మనలో ఎప్పుడూ ఒకే అభిప్రాయం లేదు. వాయిద్యాలు వద్దని చెప్పే ఉలమా ఉన్నారు. దర్గాల్లో ఖవ్వాలీ విని కన్నీళ్లు పెట్టుకునే బుజుర్గులూ ఉన్నారు. ఈ చర్చ వందల ఏళ్లుగా నడుస్తోంది, ఒక వ్యాసంలో తేలేది కాదు. కానీ చిన మౌలానా జీవితంలో కళ్లకు కనిపించే విషయాలు కొన్ని ఉన్నాయి. ఆయన పేరు ముందు నుంచి షేక్ తీసెయ్యలేదు. పేరు వెనక సాహెబ్ దాచుకోలేదు. ఢిల్లీ ప్రభుత్వం ఇచ్చిన గౌరవమైనా, మద్రాసు సభ ఇచ్చిన బిరుదైనా ఆ పేరు మీదే వచ్చాయి. అదే సమయంలో తాను వాయించే కృతిలోని భక్తిని పైపైన చూసి వదిలెయ్యలేదు. రాముడి మీద రాసిన కృతిని మనసు పెట్టకుండా వాయిస్తే వినేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. శ్రీరంగం జనం ఇన్ని దశాబ్దాలు ఆయన్ని తమ మనిషిగా చూసుకున్నారంటే ఆ నిజాయితీ వాళ్ల చెవికి అందింది కాబట్టే.

బనారస్‌లో బిస్మిల్లా ఖాన్ కూడా బాలాజీ గుడి దగ్గర కూర్చుని రియాజ్ చేసినవారే. ఆయన ముహర్రంలో మాతమ్ ధున్ వాయించారు, అటు కజ్రీ కూడా వాయించారు. ఉత్తరాన ఒకరు, దక్షిణాన ఒకరు. ఒకరికొకరు సంబంధం లేని రెండు ఊళ్లల్లో ఇద్దరు ముస్లిం ఉస్తాదులు దాదాపు ఒకేలా బతికారంటే, ఇది ఎక్కడో అరుదుగా జరిగిన వింత కాదని తెలుస్తోంది. ఈ దేశంలో పనిమంతులు బతికిన తీరే అది.

పేరు, ప్రయాణాలు

శ్రీరంగం వచ్చాక ఆయన పేరు దేశమంతా పాకింది. తమిళనాడు ప్రభుత్వం కలైమామణి ఇచ్చింది. కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. 1977లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. శ్రీలంకలో తమిళులు ఆయన కచేరీలు మళ్లీ మళ్లీ పెట్టించుకున్నారు. అమెరికాలోనూ, ఐరోపాలోనూ వాయించారు. పల్లెల్లో పెళ్లికి, గుడికి మాత్రమే పనికొస్తుందని అనుకునే వాద్యాన్ని, రాగం అంటే ఏంటో తెలియని జనం ముందు కూర్చోబెట్టి వినిపించారు.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. మద్రాసు డిసెంబర్ సంగీత సభల్లో నాదస్వరానికి సాధారణంగా దొరికే చోటు ప్రారంభంలోనే. మంగళవాద్యం మోగితే శుభం అని పెడతారు. అసలు జనం తర్వాత గాత్ర కచేరీకి వస్తారు. రాజరత్నం పిళ్లై కాలం నుంచి ఈ చిన్నచూపు మీద పోరాటం నడుస్తూనే ఉంది. చిన మౌలానా గొడవ పడి కాదు, వాయించి ఆ పోరాటం చేశారు. కూర్చుని, తొందరపడకుండా, రాగం మొత్తం వినిపించి, ఇది కూడా పూర్తి కచేరీయే అని నిరూపించారు.

తాత పెట్టిన బడి

ఇంటి పెద్దగా ఆయన చేసిన పెద్ద పని 1982లో మొదలైంది. శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పేరుతో ఒక బడి పెట్టారు. ఒక ముస్లిం ఉస్తాద్ తన బడికి చదువుల తల్లి పేరు పెట్టుకున్నారు. గురువు దగ్గర ఉంటూ, చూస్తూ, వింటూ నేర్చుకునే పాత పద్ధతే అక్కడ నడిచింది. నాదస్వరం పుస్తకం చూసి వచ్చేది కాదు. గురువు ముందు కూర్చుని, ఆయన ఊపిరి ఎక్కడ తీస్తున్నారో చూడాలి. వేలు ఎంత లేస్తోందో చూడాలి.

తన మనవలు కాసిం, బాబులను ఆయనే తయారు చేశారు. మనవల్లో ఒకరి పేరు కాసిం. చిన మౌలానాకు మొదటి పాఠం చెప్పిన తండ్రి పేరు కూడా కాసిం. ముత్తాత పేరు మునిమనవడికి వచ్చినట్టే, ముత్తాత వాద్యం కూడా వచ్చింది. ఈ ఇద్దరు మనవలూ తాత పక్కన కూర్చుని వాయించి, కచేరీ అంటే ఏంటో వేదిక మీదే నేర్చుకున్నారు. తర్వాత కాసిం - బాబు జంటగా పేరు తెచ్చుకున్నారు.

ప్రకాశం జిల్లా మూలాలున్న షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులు కూడా శ్రీరంగం వెళ్లి ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని నాదస్వరం వాయించడం ఒక విశేషమైతే, అందులో ఒక ముస్లిం మహిళ ఉండటం ఇంకో విశేషం. ఊపిరి బలం కావాలి కాబట్టి ఇది మగవాళ్ల వాద్యమే అనుకునే రోజుల్లో కాలీషాబీ గారు దాన్ని పట్టుకున్నారు. ఉస్తాద్ ఆడపిల్ల అని తలుపు మూసి ఉంటే ఈ జంట మనకు దొరికేది కాదు.

చివరి రోజులు

మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు కర్ణాటక సంగీతంలో అన్నిటికన్నా పెద్దదని లెక్క. 1998 సంవత్సరానికి ఆ బిరుదు షేక్ చిన మౌలానాకు దక్కింది. గాత్ర విద్వాంసులకే ఎక్కువగా వెళ్లే గౌరవం ఒక నాదస్వర విద్వాంసుడికి, అందులోనూ కరవదిలో పుట్టిన తెలుగు ముస్లింకు వచ్చింది. డెబ్బై దాటిన వయసులో, ఒక జీవితకాలం ఊపిరి పోసిన తర్వాత వచ్చిన గుర్తింపు అది.

తర్వాతి ఏడాది, 1999 ఏప్రిల్ 13న ఆయన కన్నుమూశారు. ఇంకో నెల ఉంటే డెబ్బై ఐదేళ్లు నిండేవి. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

మిగిలింది ఏమిటి

2020లో కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులకు భారత ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది. గురువుకు పద్మశ్రీ వచ్చిన నలభై మూడేళ్లకు శిష్యులకు వచ్చింది. 2022లో మన భద్రాచలం రామాలయంలో దశాబ్దాల పాటు నాదస్వరం వాయించిన గోసవీడు షేక్ హసన్ సాహెబ్‌కు, ఆయన పోయాక, పద్మశ్రీ ప్రకటించారు. సీతారాముల కల్యాణానికి నాదస్వరం ఊదిన ఆ సాహెబ్ కూడా ఇదే తోవలో నడిచిన మనిషి. ఈ పేర్లన్నీ కలిపి చూస్తే తెలుగు ముస్లింలు ఈ వాద్యానికి ఎంత ఇచ్చారో కనిపిస్తుంది.

కానీ బిరుదులు వచ్చినంత మాత్రాన విద్య నిలవదు. ఇవాళ పెళ్లికి డీజే మాట్లాడుకుంటున్నారు. సన్నాయి కావాలంటే ఫోన్‌లో రికార్డు పెడుతున్నారు. వాయించే ఇళ్లల్లో పిల్లలు డిగ్రీలు చేసి, ఏదో ఒక ఆఫీసులో నెల జీతానికి చేరుతున్నారు. వాళ్లను తప్పు పట్టలేం. పైన వేసిన లెక్క చూసినవాళ్లెవరూ తప్పు పట్టరు. ఆషాఢంలో ఖాళీగా కూర్చునే తండ్రిని చూసిన కొడుకు నెలకు ఒకసారి జీతం వచ్చే పని వెతుక్కోవడం సహజం. విద్య నిలవాలంటే నేర్పేవాడికీ, నేర్చుకునేవాడికీ పూట గడవాలి. ఈ పని గుళ్లు చెయ్యొచ్చు, ప్రభుత్వం చెయ్యొచ్చు, పెళ్లి చేసే ప్రతి ఇల్లూ కొంత చెయ్యొచ్చు. లక్షలు పోసి షామియానా వేసేవాళ్లు ఒక పూట నాదస్వరానికి న్యాయమైన డబ్బు ఇవ్వలేరా?

మన వంతు ఇంకొకటి ఉంది. మన ఇళ్లల్లో ఇంకా డెబ్బై, ఎనభై ఏళ్ల పెద్దలు ఉన్నారు. నానాకో, దాదాకో ఏదో ఒక పని వచ్చి ఉంటుంది. ఒకరికి బీదరీ పని, ఒకరికి ఖత్ రాయడం, ఒకరికి డప్పు, ఒకరికి గజల్. చిన మౌలానా తన మనవలను పక్కన కూర్చోబెట్టుకోబట్టే ఆయన పోయి ఇన్నేళ్లైనా ఆ బాణీ శ్రీరంగంలో వినపడుతోంది. ఆయన ఎంత గొప్పగా వాయించినా, ఆ పక్క చోటు ఖాళీగా ఉండి ఉంటే ఇవాళ మనకు మిగిలేవి పాత రికార్డులు మాత్రమే. మన పెద్దల పక్కన ఉన్న చోటు ఖాళీగా ఉందా, అందులో మన పిల్లలెవరైనా కూర్చున్నారా అనేది ప్రతి ఇల్లూ చూసుకోవాల్సిన విషయం.